శాన్‌ఫ్రాన్సిస్కో సర్వజన సహవాస దేవాలయము

ప్రెస్బిటేరియన్ అను మాట ‘పెద్ద’ అను అర్థముగల గ్రీకు పదమునుండి పుట్టినది. బిషప్పుల యేలుబడిని కాదని, సభ్యులెన్నుకొన్న పెద్దలును ఉపదేశకులును సమముగా కూర్చుండి సంఘమును నడుపవలెనని 16వ శతాబ్దిలో జెనీవాయందు కాల్విను, స్కాట్లండునందు జాన్ నాక్సు చూపిన మార్గమిది. స్థానిక సంఘముపై ప్రాంతీయ సభ, దానిపై మహాసభ. ప్రతి మెట్టునను ఉపదేశకులతోపాటు పెద్దలకును వోటు కలదు. లోకమంతటను రాచరికములే చెల్లుచుండిన కాలమున ఇట్టి యేర్పాటు సామాన్యమైనది కాదు. అయినను పెద్దలను ఎన్నుకొన్నంతమాత్రమున, ఆరాధన వేళ ఎవరి ప్రక్కన ఎవరు కూర్చుండవచ్చును అను ప్రశ్న తీరిపోదు. అమెరికాలోని ప్రెస్బిటేరియనులను ఒకటిన్నర శతాబ్దము వెంటాడిన ప్రశ్న అదియే.

బానిసత్వము రద్దయిన ఉత్తరపు నగరములలో సైతము నల్లజాతివారు దేవాలయములందు పై వసారాలలోనో, వెనుక బల్లలమీదనో కూర్చుండవలసివచ్చుచుండెను. ఇందుకు విసిగి వారు తమకై వేరు సంఘములను కట్టుకొనిరి. 1807 లో ఫిలడెల్ఫియా నగరమున జాన్ గ్లౌసెస్టరు మొదటి ఆఫ్రికన్ ప్రెస్బిటేరియన్ సంఘమును ప్రారంభించెను. ఆయన బానిసగా పుట్టి విడుదల పొందినవాడు. భార్యాబిడ్డలను విడిపించుకొనుటకు ఊరూర ప్రసంగించి చందాలు కూర్చుకొనినవాడు. వాషింగ్టనులోని పదునైదవ వీధి ప్రెస్బిటేరియన్ సంఘమునకు 1878 లో ఉపదేశకుడైన ఫ్రాన్సిస్ గ్రిమ్కే బానిస తల్లికి, ఆమె యజమానికి కలిగిన బిడ్డ. కంబర్లండు ప్రెస్బిటేరియనులను తమలో కలుపుకొను సందర్భమున, జాతినిబట్టి వేర్వేరు ప్రాంతీయ సభలు ఉండవచ్చునని మహాసభ సమ్మతించినప్పుడు గ్రిమ్కే గట్టిగా ఎదిరించెను. మహాసభ ఆయన మాట వినలేదు. 1906 లో ఆ కలయిక జరిగిపోయినది. వోటు వేసి పెద్దలను ఎన్నుకొను సంఘమే, అదే వోటుతో వేర్పాటునుగూడ ఆమోదింపగలదని ఆ ఘట్టము తెలిపినది. ఆదివారము పగలు పదునొకండు గంటల వేళ అమెరికాలో జాతిభేదము అన్ని వేళలకంటె స్పష్టముగ కానవచ్చునని అక్కడి సంస్కర్తలు చెప్పుకొనుట వాడుకయైనది.

ఈ నేపథ్యమున, ప్రెస్బిటేరియనుల ఆశ్రయములో పుట్టి, ఆ ఆశ్రయమును తానే వదలుకొని నిలిచిన ఒక సంఘముయొక్క కథ విచిత్రమైనది. ఆ కథలో భారతదేశమునకును భాగము కలదు.

1942 ఫిబ్రవరి 19వ తేదీన అధ్యక్షుడు రూజ్‌వెల్టు సంతకము చేసిన ఉత్తరువువలన, అమెరికా పడమటి తీరమున నివసించు జపాను సంతతివారు లక్షమందికి పైగా తమ యిండ్లనుండి తరలింపబడి ముళ్లకంచెల నడుమ శిబిరములలో నిర్బంధింపబడిరి. వారిలో అధికసంఖ్యాకులు పుట్టుకచేతనే అమెరికా పౌరులు. శాన్‌ఫ్రాన్సిస్కోలో వారు నివసించిన పేటలు రాత్రికి రాత్రి పాడుపడినవి. అదే సమయమున యుద్ధపు ఓడలు కట్టు కర్మాగారములలో పనికై దక్షిణ రాష్ట్రములనుండి నల్లజాతివారు వేలకొలదిగా ఆ నగరమునకు వచ్చి, ఆ ఖాళీ యిండ్లలో తలదాచుకొనిరి. 1940 లో ఆ నగరమున నల్లజాతివారు 5,000 కు లోపు. 1950 నాటికి వారు 43,000 కు మించిరి. ఒకరి నిర్వాసనము మరియొకరికి నివాసమైనది. ఇద్దరిలో ఎవ్వరును దానిని కోరుకొనలేదు.

ఆ నగరములోని ప్రభుత్వ కళాశాలలో తత్త్వశాస్త్రము బోధించుచుండిన ఆల్‌ఫ్రెడ్ ఫిస్కు ప్రెస్బిటేరియన్ ఉపదేశకుడు కూడ. అన్ని జాతులవారును కేవలము అతిథులుగా కాక సమాన సభ్యులుగా చేరు సంఘమొకటి అచట నెలకొనవలెనని ఆయనయు కొందరు మిత్రులును సంకల్పించిరి. ప్రెస్బిటేరియన్ జాతీయ ధర్మప్రచార మండలి పోస్టు వీధిలోని ఒక భవనమును, కొంత ద్రవ్యసహాయమును ఇచ్చినది. అంతకుమునుపు ఆ భవనము జపాను సంతతి క్రైస్తవుల ఆరాధనకు వినియోగింపబడినది. వారు శిబిరములలో ఉండగా, వారి ఖాళీ ఆలయములో సర్వజన సహవాసమునకు పునాది పడినది. సంఘ చరిత్రను ప్రశంసించువారు ఈ సంగతిని ఒక వాక్యములో దాటిపోవుట కలదు. అది దాటిపోదగినది కాదు. తలుపులు అందరికిని తెరచుటకు పూనుకొన్న యింటి తాళములు, బలవంతముగా పంపివేయబడినవారి చేతులనుండి వచ్చినవి.

నల్లజాతి ఉపదేశకుడొకడు తనతో సమాన హోదాలో పనిచేయవలెనని ఫిస్కు కోరిక. తగిన యువకుని సూచింపుమని 1943 లో ఆయన వాషింగ్టనులోని హోవార్డ్ విశ్వవిద్యాలయ ప్రార్థనాలయాధ్యక్షుడైన హోవార్డ్ థర్మనుకు లేఖ వ్రాసెను. థర్మను మరియొకరి పేరు సూచించుటకు మారుగా తానే వచ్చుటకు నిశ్చయించుకొనెను. స్థిరమైన పదవినుండి జీతములేని సెలవు పెట్టి, భార్య స్యూ బెయిలీతోను బిడ్డలతోను 1944 జులైలో ఆయన పశ్చిమ తీరమును చేరెను. అంతవరకు కొన్ని నెలలు ఆ స్థానమున ఆల్‌బర్ట్ క్లీగ్ అను యువకుడు పనిచేసెను. ఆ సంవత్సరము అక్టోబరులో సంఘముయొక్క ప్రారంభోత్సవ ఆరాధన జరిగినది.

థర్మను ప్రెస్బిటేరియను కాడు, బాప్టిస్టు. ఫ్లారిడాలోని డేటోనాలో 1899 లో పుట్టి, బానిసగా బ్రతికిన అమ్మమ్మ పెంపకములో పెరిగినవాడు. అట్టివాడు నిశ్చింతయైన ఉద్యోగమును విడిచి, రూపమైనను ఏర్పడని సంఘమునకు ఏల వచ్చెను? ఇందుకు సమాధానము ఎనిమిదేండ్ల క్రిందటి ఆయన భారత పర్యటనలో దొరకును.

1935-36 లో భారత, బర్మా, సింహళ దేశముల క్రైస్తవ విద్యార్థి ఉద్యమమువారి ఆహ్వానముపై నలుగురు నల్లజాతి అమెరికనుల బృందము మన దేశమునకు వచ్చినది. థర్మను దానికి నాయకుడు. కొలంబోలో ఒక న్యాయవాది ఆయనను సూటిగా నిలదీసెను. క్రైస్తవులే మీ పూర్వులను ఆఫ్రికానుండి తెచ్చి అమ్మిరి. క్రైస్తవులే వారిని కొని మూడు వందల యేండ్లు బానిసలుగా ఉంచిరి. నేటికిని మిమ్ము వెలివేయుచున్నవారు క్రైస్తవులే. ఆ మతముయొక్క ప్రతినిధిగా ఇటకు వచ్చిన నీవు నల్లనివారందరికిని ద్రోహివి కావా యని అతని ప్రశ్నయొక్క సారము. క్రైస్తవ మతము వేరు, యేసు మార్గము వేరు అని థర్మను బదులు చెప్పెను. కాని ఆ ప్రశ్న ఆయనను విడువలేదు. 1949 లో ఆయన ప్రకటించిన ‘జీసస్ అండ్ ది డిసిన్‌హెరిటెడ్’ అను గ్రంథము ఆ న్యాయవాదికి ఆలస్యముగా ఇచ్చిన సమాధానమే యనవచ్చును.

శాంతినికేతనములో ఆయన రవీంద్రుని చూచెను. అంతకంటె ఆయన మనస్సునకు హత్తుకొన్నది క్షితిమోహన సేనునితో జరిగిన సంభాషణ. కబీరు మున్నగు మధ్యయుగ సాధుసంతుల వాణిని గ్రామ గ్రామములు తిరిగి సేకరించిన ఆ పండితుడును ఈ అమెరికా ఉపదేశకుడును మొదట తమ తమ మతముల కోటగోడల వెనుకనుండి మాటలాడుకొనిరి. సంభాషణ సాగినకొలది ఆ గోడలు మరపునకు వచ్చి, ఇద్దరును ఒకే అనుభవమును రెండు భాషలలో చెప్పుకొనుచున్నట్లు తోచెనట. ఇది థర్మను వృద్ధాప్యములో వ్రాసిన ఆత్మకథలోని మాట.

1936 ఫిబ్రవరి 21వ తేదీన బార్డోలీలో థర్మను దంపతులును సహచరుడు ఎడ్వర్డ్ కారల్ అను ఉపదేశకుడును గాంధీజీని దర్శించిరి. గాంధీజీ గుడారము వెలుపలికి వచ్చి వారిని ఆహ్వానించెను. తాము అడుగదలచినది అడుగుటకు ముందే గాంధీజీ వారిని ప్రశ్నలతో ముంచివేసెను. నల్లజాతివారికి వోటు కలదా? వారిని మూకలు పట్టి చంపుట ఏల? వారి బడులెట్టివి? బానిసలు యజమానుల మతమునే ఏల స్వీకరించిరి, మహమ్మదీయులు ఏల కాలేదు? ఇస్లాములో ప్రార్థనకు నిలుచునప్పుడు యజమానియు బానిసయు అను గీత లేదు గదా యని ఆయన అభిప్రాయము. అస్పృశ్యతా నివారణమునకై తన మతస్థులతోనే పోరాడుచుండిన మనిషి అడిగిన ప్రశ్న యిది. సమావేశాంతమున ఆయన కోరికపై అతిథులు బానిసల కాలపు భక్తిగీతములను పాడిరి. అహింసా సందేశము లోకమునకు తన శుద్ధరూపములో అమెరికా నల్లజాతివారి ద్వారముననే చేరవచ్చునని గాంధీజీ అనిన సంగతిని మహాదేవ దేశాయి ‘హరిజన్’ పత్రికలో ప్రకటించెను. ఆ వాక్యము సుప్రసిద్ధమైనది. దేవుని యెదుట వరుసలో ఎవరు ఎక్కడ నిలుతురు అను ఆ మొదటి ప్రశ్న అంతగా స్మరింపబడలేదు. శాన్‌ఫ్రాన్సిస్కో సంఘమునకు ప్రాణము పోసినది మాత్రము అదియే.

పర్యటనలో ఖైబరు కనుమ చెంత, ఆవలి దేశములనుండి వచ్చు ఒంటెల బారులను చూచుచు థర్మను దంపతులు ఒక నిశ్చయమునకు వచ్చిరి. మనుష్యులను విడదీయు జాతి, మత, వర్ణ భేదములకంటె, దేవుని సన్నిధిలో వారు పొందు ఏకత్వము బలవత్తరమైనదో కాదో వాదించుటవలన తేలదు. అట్టి ఒక సంఘమును స్థాపించి పరీక్షించియే చూడవలెను. ఫిస్కు లేఖ చేరునప్పటికి ఆ నిశ్చయము ఏడేండ్లకు పైగా కాచుకొనియున్నది.

ఇక ఆ సంఘములోని ఆరాధనను గూర్చి. ఉద్యమసంఘముల సభలవలె అది తీర్మానములతో నిండియుండలేదు. అందరును కలసి కూర్చుండుట దానంతట అదియే ఘనకార్యమని థర్మను తలంపలేదు. కూర్చుండి ఏమి చేయుదురన్నది ఆయనకు ముఖ్యము. ప్రెస్బిటేరియన్ సంప్రదాయమున ఆరాధనకు వాక్యపఠనము, ప్రసంగము వెన్నెముకవంటివి. ఇచట ఆ రెండింటితో సమానమైన స్థానము మౌనమునకు లభించినది. సంగీతము ముగిసిన తరువాత సభ్యులు చాల సేపు మాటలేక ధ్యానమున ఉండెడివారు. థర్మను ప్రసంగమునందు సైతము వాక్యమునకును వాక్యమునకును నడుమ దీర్ఘమైన విరామములుండెడివి. క్రొత్తవారు ఆయన చెప్పదలచినది మరచెనేమో యని కంగారుపడుట కద్దు. శాస్త్రచర్చలో ఒక్కొక్క మతశాఖకు ఒక్కొక్క పదజాలము కలదు. మౌనమునకు పదజాలము లేదు. బాప్టిస్టు, ప్రెస్బిటేరియను, యూదుడు, ఏ మతమును చెప్పుకొననివాడు ఒకే గదిలో ఇబ్బందిలేక కలసి చేయగలిగిన ప్రార్థన అదియొక్కటే యనిపించును. నల్లజాతివారి పేట చర్చిలలో పెరిగిన కొందరికి, గానముతోను కేకలతోను మారుమ్రోగు ఆరాధనకు అలవాటుపడిన ప్రాణములకు, ఈ నిశ్శబ్దము చప్పగా తోచియుండుట సహజమే. సర్వులకును సరిపడు ఆరాధనలో ప్రతివారును తమదైనదానిని కొంత వెలుపల విడిచి రావలసియుండును.

ప్రతివారము సంఘపత్రికలో థర్మను ఒక చిన్న ధ్యానవచనమును వ్రాయుచుండెను. ఆదివారము రాలేనివారు, దూరదేశములందున్నవారు దానిని చదువుకొని మనస్సులో సంఘముతో కూడుకొనెడివారు. ‘డీప్ ఈజ్ ది హంగర్’, ‘మెడిటేషన్స్ ఆఫ్ ది హార్ట్’ అను గ్రంథములు అట్టి రచనలనుండి రూపొందినవే. హోవార్డ్ విశ్వవిద్యాలయములో ఆయన ప్రారంభించిన కొన్ని ప్రయోగములు, సంధ్యారాధనలో నృత్యమును, కవిత్వమును చేర్చుట వంటివి, ఇచ్చట కొనసాగినవి. నృత్యమును దేవాలయపు గడప దాటనీయని కాల్వినుగారి శిష్యపరంపర ఇచ్చిన యింటిలో ఇది జరుగుట ఒక వింత.

ఆరాధనకు వెలుపలి సహజీవనమునకు స్యూ బెయిలీ థర్మను ప్రాణము. ఆమె చరిత్రకారిణి, కాలిఫోర్నియాలోని నల్లజాతి మార్గదర్శకులనుగూర్చి గ్రంథము వ్రాసినది. పిల్లలకై ఆమెయు మిత్రులును నడిపిన తరగతులలో జపాను, ఆదిమ అమెరికా, ఆఫ్రికా సంప్రదాయములను బిడ్డలు పాటలద్వారమునను, చేతిపనులద్వారమునను నేర్చుకొనుచుండిరి. అన్ని జాతులవారును ఒకే బల్ల చుట్టును కూర్చుండి భుజించు సహవాస విందులుండెడివి. సహపంక్తి భోజనమనగా ఎంతటి సాహసమో తెలుగువారికి వివరింపనక్కరలేదు. కాకినాడలో పిఠాపురము రాజావారి కళాశాలాధ్యక్షుడుగా నిమ్నజాతుల బిడ్డలను చేరదీసిన రఘుపతి వేంకటరత్నము నాయుడుగారు బ్రహ్మసమాజీయులు. కాని వారి విద్యార్థిదశలో వారిపై గాఢమైన ముద్ర వేసినది మద్రాసు క్రిస్టియన్ కళాశాలాధ్యక్షుడైన విలియం మిల్లరు. మిల్లరు స్కాట్లండు ప్రెస్బిటేరియన్ శాఖకు చెందిన ప్రచారకుడు. నీరు ఏ కాలువనుండి ఏ చేనికి పారునో ముందుగా చెప్పుట కష్టము.

సంఘము పెరుగుచుండగనే అసలు చిక్కు వచ్చినది. ధర్మప్రచార మండలి సొమ్ముతో నడచు సంఘము, తెలిసియో తెలియకయో, దీనులను ఉద్ధరించు సంస్థగా మారిపోవునని థర్మను భయము. ఇచ్చువారు ఒక ప్రక్క, పుచ్చుకొనువారు మరియొక ప్రక్క ఏర్పడిన చోట సమానులుగా మోకరిల్లుట పొసగదు. రెండవ చిక్కు స్థలముది. పోస్టు వీధి పరిసరములు త్వరత్వరగా నల్లజాతివారి పేటగా మారుచున్నవి; అచ్చటనే ఉన్నచో కొలది సంవత్సరములలో సర్వజన సంఘము పేరునకు మాత్రమే సర్వజనమై, మరియొక పేట చర్చి కాగలదు. ఒక మతశాఖకు కట్టుబడి, దాని నియమములలో ఇతరులను చేర్చుకొనుటయు ఆయనకు సమ్మతము కాలేదు. ప్రెస్బిటేరియనులు దుర్బుద్ధితో ఏమియు చేయలేదు. భవనమిచ్చిరి, ధనమిచ్చిరి, ఫిస్కు వంటి మనిషినిచ్చిరి. అయినను సంఘము వారి సహాయమును, దానితోపాటు వారి పైఅధికారమును వదలుకొని, స్వతంత్ర సంఘమై, అద్దె కొంపలలో కొన్ని సంవత్సరములు గడపినది. 1946 లో ఫిస్కు తప్పుకొనగా థర్మను ఒక్కడే కాపరియయ్యెను. 1949 లో లార్కిన్ వీధిలో సంఘము తన సొంత భవనమును కొనుక్కొన్నది.

ఈ నిర్ణయమును తప్పుపట్టినవారు లేకపోలేదు. థర్మనుకు ముందు పనిచేసిన క్లీగ్ తరువాతి కాలమున డెట్రాయిటులో నల్లజాతి క్రైస్తవ జాతీయవాదమునకు నాయకుడై, 1967 లో తన ఆలయమున నల్లని మేరీమాత చిత్రమును ప్రతిష్ఠించినవాడు. ఆయన దృష్టిలో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రయత్నము కృత్రిమమైనది. జపానీయుల ఆస్తులు అన్యాక్రాంతమగుచుండగ, ఓడల కర్మాగారములలో నల్లజాతి పనివారు అవమానింపబడుచుండగ, వాటిని గూర్చి నోరెత్తక కలసి ప్రార్థించుటలో సత్యమెంత యని ఆయన విమర్శ. ఈ విమర్శను తేలికగా త్రోసివేయరాదు. పేదల పేటను విడిచి మెరుగైన వీధికి పోయిన సంఘములో విద్యావంతులును మధ్యతరగతివారును ఎక్కువగుట, సభ్యులలో శ్వేతజాతీయుల పాలు అధికమగుట వాస్తవము. థర్మను వైపు మాట ఇది: అవమానితుని లోపల భయమును, ద్వేషమును తొలగింపని పోరాటము అతనిని స్వతంత్రుని చేయదు, ఆ పని ఆరాధనలో జరుగవలెను. వీరిద్దరి వివాదము తీరినదని చెప్పుటకు వీలులేదు. 1953 లో థర్మను బోస్టన్ విశ్వవిద్యాలయ ప్రార్థనాలయాధ్యక్షుడుగా వెళ్లినప్పుడు అచట పరిశోధన చేయుచున్న యువకులలో మార్టిన్ లూథర్ కింగ్ ఒకడు. పోరాటమును ప్రార్థనను విడదీయక నడిపిన ఆ యువకుడు థర్మను గ్రంథమును ఆదరముతో చదివినవాడు.

సహవాసము అను ఒకే మాట దేశదేశములలో ఎంత భిన్నమైన పనులు చేయునో గమనింపదగును. శాన్‌ఫ్రాన్సిస్కో సంఘము సొంత యింటికై వెదకుచున్న కాలముననే, 1947 సెప్టెంబరు 27వ తేదీన మద్రాసులో ఆంగ్లికను, మెథడిస్టు, ప్రెస్బిటేరియను, కాంగ్రిగేషనలు శాఖలు కలసి దక్షిణ హిందూదేశ సంఘముగా ఏర్పడినవి. బిషప్పుల పద్ధతియు పెద్దల సభయు రాజీపడి ఒకే కప్పు క్రిందికి వచ్చుట క్రైస్తవ చరిత్రలో అపూర్వము. దోర్నకల్ బిషప్పు అజరయ్యగారు దీనికై జీవితమంతయు శ్రమించి, అది ఫలించుటకు రెండేండ్ల ముందు, 1945 లో గతించిరి. ఇచట కూలినవి శాఖల గోడలు. మాల మాదిగ పల్లెల నడుమ గోడలు చాలచోట్ల చర్చి ఆవరణలోనే నిలిచియున్నవి. అక్కడ జాతి, ఇక్కడ కులము. ప్రభు భోజనపు బల్ల మాత్రము రెండు చోట్లను ఒకటే.

ప్రెస్బిటేరియన్ మహాసభలును కాలక్రమమున కదలినవి. బానిసత్వపు తగవులో 1861 లో చీలిన ఉత్తర దక్షిణ శాఖలు 1983 లో గాని కలియలేదు. స్వలింగ సంపర్కులను ఉపదేశకులుగా అభిషేకింపరాదని 1978 లో ఉత్తర శాఖ నిర్ణయింపగా, ఆనాడే కొన్ని నగర సంఘములు తమ తలుపులు వారికి తెరచియుండునని ప్రకటించినవి; 2011 లో ఆ నిషేధము సడలినది. గ్రిమ్కే ఓడిన వోటు వంటి వోటే, పెద్దలును ఉపదేశకులును కూర్చుండి వేసిన వోటే, ఈసారి తలుపు తెరచినది.

థర్మను విడిచిపోయిన తరువాత సంఘమునకు సభ్యులు తగ్గిరి. ఆయన కంఠమునకై వచ్చినవారు కొందరు, కలసి ఉండుటకై వచ్చినవారు కొందరు. ఎవరు ఎందుకు వచ్చిరో అప్పుడు తేటపడినది. మిగిలినవారు లార్కిన్ వీధిలోని ఆ భవనమును నిలుపుకొనిరి. స్థానిక సభ్యులకంటె దూరసభ్యులే అధికముగ ఉండుట ఆ సంఘముయొక్క ఒక విశేషము. ఎలినార్ రూజ్‌వెల్టు, నల్లజాతి విద్యకు పాటుపడిన మేరీ బెథూన్ వారిలోనివారు. 1959 లో ‘ఫుట్‌ప్రింట్స్ ఆఫ్ ఎ డ్రీమ్’ అను పేర థర్మను ఆ సంఘచరిత్రను వ్రాసెను. 1965 లో ఉద్యోగవిరమణ చేసి ఆయనయు భార్యయు శాన్‌ఫ్రాన్సిస్కోకే తిరిగి వచ్చిరి. 1981 ఏప్రిల్ 10వ తేదీన ఆయన మరణించినది ఆ నగరముననే.